పుట్టి నడిపినోళ్ళు ఓడ నడిపితే

ఆట బాగలేదని చెప్పడానికి కూడా డబ్బులు ఖర్చు పెట్టే మనుషులను నేను ఆదోనిలోనే చూశాను. ఒకసారి ఆడి బాగలేదంటారు. నిజంగానే బాగలేదా అని తేల్చుకోవడానికి ఇంకోసారి ఆడతారు. తర్వాత సోడా తాగుతూ గంటసేపు అదే మాట పక్కవాడికి చెబుతారు. పక్కవాడు ఊరికే ఉంటాడా, తన నోటితో తాను బాగలేదనాలి కదా, వాడూ పోయి ఆట డబ్బా ముందు నిలబడతాడు. తెగిన పోగును పారేయకుండా ముడి వేసుకునే ఇంటిదాన్ని, ఇదంతా చూస్తే నాకు కడుపు మండేది.

ఎనభైల చివరి మాట ఇది. మాది ఎమ్మిగనూరు. మా ఆయన కూలికి మగ్గం నేసేవాడు. నా పుట్టిల్లు మాత్రం తుంగభద్ర ఒడ్డున. మా నాయన పుట్టి నడిపేవాడు, ఆయన తర్వాత మా తమ్ముడు. పుట్టి అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను, వెదురుతో పెద్ద గంపలాగా అల్లి, అడుగున తోలు కప్పి నీళ్ళ మీద వదిలే గుండ్రటి పడవ. ఆ తమ్ముడి కొడుకుకే నా కూతురిని ఇచ్చాను. వాడు ఏటిని నమ్ముకోకుండా ఆదోనికి వచ్చి సినిమా హాలు పక్కన సోడా అంగడి పెట్టుకున్నాడు.

ఎండాకాలం సోడాలు తాగుతారు. మిగిలిన కాలం ఎవరు తాగుతారు? వాన పడితే అంగడి ముందు కుక్క కూడా నిలబడేది కాదు. అల్లుడి దూరపు పెదనాన్న కొడుకు బొంబాయి పక్కన భీవండిలో కరెంటు మగ్గాల్లో పనిచేస్తున్నాడు, రమ్మని జాబు మీద జాబు రాస్తున్నాడు. మా వీధి నుంచి భీవండి పోయిన పిల్ల ఒకతె మూడేండ్లకు ఒకసారి కనిపించింది. అది కూడా మనిషి కాదు, మనిషి నీడ. అప్పటికి నా కూతురికి అయిదో నెల. అన్నం వాసన పడటం లేదని కబురు వస్తే, రెండు చీరలు, ఒక ఊరగాయ జాడీ మూట కట్టుకుని ఆదోనికి బస్సెక్కాను.

పోయేసరికి అంగడిలో బీరువా అంత డబ్బా ఒకటి నిలబడి ఉంది. పైన అద్దంలో టీవీ బొమ్మ, కింద ఒక కడ్డీ, రెండు గుండీలు. పక్కలకు తలగుడ్డలు కట్టుకున్న దొంగలు, కత్తులు, ఓడలు రంగురంగులుగా అతికించి ఉన్నాయి. పక్క హాలులో సముద్రపు దొంగల ఇంగ్లీషు సినిమా ఆడుతోందట, ఇది ఆ సినిమాను చూసి చేసిన ఆటట. బళ్ళారి ఆసామి ఒకాయన తెచ్చి పెట్టి, నెల రోజులు చూస్తానన్నాడట. జనం ఆడితే ఉంచుతాడు, లేదంటే బండిలో వేసుకుని పోతాడు.

“ఇది నిలబడితే ఈడ్నే ఉంటాం అత్తా. లేకుంటే భీవండి,” అన్నాడు అల్లుడు.

కూతురు తల ఎత్తలేదు. ఆ డబ్బా మొహం చూస్తేనే నాకు మంట, అయినా అది కదలకూడదని ఆ పొద్దు నుంచీ మనసులో అనుకుంటూనే ఉన్నాను. నచ్చనిదాని బాగు కోరుకోవడం ఎంత విసుగో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఆట ఏమిటంటే, అద్దంలో కింద మన ఓడ ఉంటుంది. పై నుంచి బండరాళ్ళు వస్తాయి, వాటిని తప్పించుకోవాలి. రాజు ఓడలు ఫిరంగులు పేలుస్తాయి, వాటినీ తప్పించుకోవాలి. చివరన దీవి, దీవి మీద పెట్టె. రూపాయి వేస్తే మూడు ప్రాణాలు ఇస్తుంది. మనిషికి దేవుడు ఇచ్చింది ఒకటే, దీనికి మూడు ఎందుకని నేను మొదటి రోజే అడిగాను. ఎవరూ జవాబు చెప్పలేదు.

జవాబు చెప్పలేదు కానీ అభిప్రాయాలు మాత్రం బస్తాల కొద్దీ చెప్పారు. దూది మండీ హమాలీలు, సినిమాలో దొంగ ఒక్కసారి కూడా చావలేదు, ఆటలో నిమిషానికి ఒకసారి చస్తున్నాడు, ఇదేం న్యాయమన్నారు. బట్టల అంగడి గుమాస్తా ఒకాయన, సినిమాలో జెండా నలుపు, ఇందులో నీలం, కాబట్టి మోసమన్నాడు. బడి అయ్యవారు దొంగతనం నేర్పే ఆట అని తిట్టి, తిట్టడానికి సరిగ్గా తెలియాలి కదా అని రెండుసార్లు ఆడిపోయాడు. సినిమా చూస్తే ఒక్కడికీ ఇంగ్లీషు ముక్క అర్థం కాలేదు. ఎవడి కథ వాడు అల్లుకున్నాడు, ఆట తన కథలాగా లేదని డబ్బాను తిట్టాడు.

ఇవి పైపై తిట్లు. అసలు తంటా కడ్డీతో వచ్చింది.

ఆదోని సంతకు ఏటి పక్క ఊళ్ళ నుంచి జనం బస్సుల్లో దిగుతారు. వాళ్ళకు సముద్రం తెలియదు, ఓడ తెలియదు. తెలిసింది పుట్టి. పుట్టిలో గెడను కుడి పక్క నేలకు ఆనించి నెడితే పుట్టి ఎడమకు పోతుంది. ఎడమకు ఆనిస్తే కుడికి. పుట్టినప్పటి నుంచీ అదే చేసిన చేతులు ఊరికే ఉంటాయా? కడ్డీ పట్టుకోగానే అదే పని చేశాయి. బండరాయి ఎడమన వస్తే కడ్డీని ఎడమకే నెట్టేవారు, ఓడ పోయి నేరుగా రాయికే గుద్దుకునేది.

మా తమ్ముడు కూడా ఒక సంతరోజు వచ్చి ఆడాడు. మూడు ప్రాణాలూ మూడు చిటికెల్లో పోగొట్టుకున్నాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని, “ఏం ఆటక్కా ఇది. కుడికి నూకితే కుడికే పోతాంది,” అన్నాడు. ముప్పై ఏండ్లు ఏరు దాటించిన మనిషి మాట. చుట్టూ ఉన్న ఏటి ఊళ్ళ వాళ్ళంతా అవును అవునన్నారు. కడ్డీ తీగలు తిరగేసి బిగించారని అందరూ కలిసి తీర్పు చెప్పారు.

అల్లుడు కూడా ఏటి ఒడ్డున పెరిగినవాడే కదా, వాడికీ అదే నిజమనిపించింది. బళ్ళారి మెకానిక్కును పిలిపించి తీగలు అటు ఇటు మార్పించాడు. ఏటి ఊళ్ళవాళ్ళు మూడు రోజులు సంతోషంగా ఆడారు. నాలుగో రోజు టౌను వాళ్ళు వచ్చి గోల పెట్టారు. వాళ్ళు సైకిలు తొక్కేవాళ్ళు, హ్యాండిలు ఎటు తిప్పితే అటే పోవాలంటారు. “ఎవుడప్పా దీన్ని చెడగొట్టినోడు,” అని ఒకడు డబ్బాను తన్నాడు కూడా.

మెకానిక్కు చేసింది చూసి అల్లుడు తీగలు మార్చడం నేర్చుకున్నాడు. అప్పుడు వాడికి ఒక ఉపాయం తట్టింది. సంతరోజు ఏటి వాళ్ళకు, మిగిలిన రోజులు టౌను వాళ్ళకు. డబ్బా పక్కన మేకుకు పలక తగిలించి సుద్దతో రాసేవాడు, ఒకనాడు ‘ఈ పొద్దు గెడ’ అని, ఒకనాడు ‘ఈ పొద్దు సైకిలు’ అని. నేను చదివింది రెండో తరగతి. కూడబలుక్కుని చదివి, దొంగల ఓడకు సైకిలేమిటని నెత్తి కొట్టుకున్నాను. పలక చూసి కూడా తిట్టేవాళ్ళు తిట్టారు. సంతరోజు వచ్చిన టౌనువాడు గెడ ఎందుకన్నాడు, మామూలు రోజు వచ్చిన ఏటివాడు సైకిలు ఎందుకన్నాడు.

నెల నిండే సంతరోజున ఆసామి వస్తానని కబురు పంపాడు. జనం ఏమంటున్నారో తన చెవులతో వింటాడట. ఆ పొద్దున అల్లుడు తీగలు మార్చి, పలక మీద పెద్ద అక్షరాలతో రాసి, ఐసుగడ్డకు పోయాడు. కూతురికి వేవిళ్ళు తగ్గలేదు, మజ్జిగ ఒక్కటే ఇముడుతోంది. మజ్జిగ కుండ మూత ముందు రోజే పగిలింది. మూత కోసం చూస్తే గోడకు పలక ఊరికే వేలాడుతోంది. ఉన్న వస్తువును వాడుకోక ఇంకో మూత కొంటామా? తీసి, శుభ్రంగా కడిగి, కుండ మీద బోర్లించాను. నాకు అది సుద్ద పిచ్చిగీతల పలక, అంతే. అందులో మా పిల్ల బతుకు ఉందని ఆ క్షణాన తోచలేదు.

ఎండ ఎక్కేసరికి జనం వచ్చారు. పలక లేదు. మొన్న సైకిలు కదా, ఇంకా మార్చలేదేమో అని ఏటివాళ్ళు సైకిలు లెక్కన ఆడారు. సంతరోజు కదా అని టౌనువాళ్ళు గెడ లెక్కన ఆడబోయారు, అలవాటు చేతులు సైకిలు లెక్కనే పోయాయి. తర్వాత ఒకరిని చూసి ఒకరు లెక్క మార్చుకున్నారు. అందరూ మునిగారు. సరిగ్గా అప్పుడే ఆసామి వచ్చి నిలబడ్డాడు.

ఇక చెప్పనక్కర లేదు. నెల రోజుల తిట్లు అన్నీ ఒకేసారి ఆయన మీద పోశారు. జెండా రంగు, ఫిరంగి గురి, చచ్చే దొంగ, కడ్డీ, అన్నీ. డబ్బును నీళ్ళల్లో పోసినట్టుందని ఒకడు, ఆ నీళ్ళు కూడా సరిగ్గా లేవని ఇంకొకడు. ఆసామి చెవులు మూసుకుని, చాలు చాలని కన్నడం కలిపి అరిచాడు.

“సాకప్పా సాకు. బళ్ళారిలో ఒక్కడూ ఇట్లా అనలేదు. రేపు బండి తెస్తా, ఎత్తుకపోతా.”

ఐసుగడ్డ మూటతో అల్లుడు అప్పుడే వచ్చాడు. గోడ వైపు చూశాడు. మేకు ఉంది, పలక లేదు. కూతురు సోడా పెట్టె మీద కూర్చుండిపోయి కొంగు నోట్లో కుక్కుకుంది. నా చూపు మజ్జిగ కుండ మీదికి పోయింది.

దాచే అలవాటు నాకు లేదు. “పలక నేనే కడిగినా,” అన్నాను.

అల్లుడు ఐసుగడ్డను దించి పొట్టు కప్పుతూ నిలబడ్డాడు. నన్ను తిట్టినా బాగుండేది. జనం మాత్రం, చూసినావా ముసలమ్మ చేసిన పని, అని నన్నూ కలిపి తిట్టడం మొదలుపెట్టారు. అప్పటికి నాకు ఇంకా యాభై నిండలేదు.

నాకు ఒళ్ళు మండింది. కొంగు ముడిలో బస్సు కోసం పెట్టుకున్న రూపాయి తీసి డబ్బాలో వేశాను. నా బతుకులో అట్లాంటి ఖర్చు అదే మొదలు. కడ్డీ పట్టుకుని ఒక పక్కకు నెట్టాను. ఓడ ఇంకో పక్కకు పోయి రాయికి గుద్దుకుంది.

“బాగలేదు గదా పెద్దమ్మా,” అన్నాడు వెనక ఒకడు.

“నోరు ముయ్యప్పా. అది ఆకు,” అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. ఏటి ఊళ్ళవాళ్ళకు అర్థం కావాలి, వాళ్ళకీ కాలేదు, అదీ నా కోపం. మా నాయన రోజూ పొద్దున్నే పుట్టిలోకి ఒక్క మనిషినీ ఎక్కించుకోకముందు వేపమండ తుంచి నీళ్ళ మీద వేసేవాడు. అది ఎటు పోతుందో చూసేవాడు. నిన్న ఉన్న ఇసుక ఈరోజు ఉండదు, నిన్నటి నీళ్ళ వాటం ఈరోజు ఉండదు. ఆకు చెప్పినట్టు గెడ వేసేవాడు. ఏ రోజు ఏ వాటమో ఎవరైనా ఆయనకు పలక మీద రాసి పెట్టారా?

“మూడు ప్రాణాలు ఎందుకిచ్చినారో ఇప్పుడు తెలిసిందా? మొదటిది ఆకు. ఎటు పోతాందో సూసుకోండి. మిగతా రెండూ మీవి. ఊరికే వాగద్దండి,” అన్నాను.

రెండో ప్రాణంతో రాళ్ళన్నీ దాటాను. రాజు ఓడలు రెండు దాటాక అదీ పోయింది. మూడోది ఫిరంగి తగిలి పోయేసరికి దీవి అంచు కనిపించింది, అంతే. వెనక్కు తిరిగితే మా తమ్ముడి ఊరివాడు ఒకడు అప్పటికే చిల్లర పట్టుకుని నా భుజం పక్కన నిలబడి ఉన్నాడు, వాడి వెనక సైకిలువాడు ఒకడు. వాళ్ళ వెనక వరుస హాలు గేటు దాకా కట్టింది. ఆసామి ఆ వరుసను చూశాడు, నన్ను చూశాడు, బండి మాట ఎత్తకుండా సోడా అడిగి తాగాడు. పోతూ పోతూ ఇంకో నెల చూస్తానన్నాడు.

పలక మళ్ళీ గోడ ఎక్కలేదు. మజ్జిగ కుండకు సరిగ్గా సరిపోయింది, అక్కడే ఉండిపోయింది. అల్లుడు పొద్దున్నే డబ్బా వెనక్కు పోయి ఏదో చేసేవాడు, చేసిందేమిటో చెప్పేవాడు కాదు. వచ్చినవాళ్ళు మొదటి ప్రాణం వదిలి వాటం చూసుకునేవారు. ఇక తిట్లు ఆగుతాయనుకున్నాను. ఎక్కడ ఆగాయి? ఈ పొద్దు వాటం నిన్నటికన్నా కష్టమని ఒకడు, నిన్నటిదే కష్టమని ఒకడు. జెండా ఇంకా నీలమే కదా అని గుమాస్తా. సినిమా హాలు నుంచి వెళ్ళిపోయింది, ఇంకో సినిమా వచ్చింది, ఆ దొంగల సినిమా గురించి వీళ్ళ తగవు మాత్రం పోలేదు. డబ్బా నెల నెలా నిలబడింది. కూతురు కాన్పుకు ఎమ్మిగనూరు వచ్చి, మూడో నెలలో పాపను ఎత్తుకుని భీవండి బండి కాదు, ఆదోని బస్సెక్కింది. నేను బస్సు దాకా పోయి, కిటికీలోంచి పిల్ల తల బయట పెట్టొద్దని తిట్టి వచ్చాను.

ఆ మనవరాలు ఇప్పుడు పెద్దదయి, ఈ మాటలు రాసుకోమని నోటుబుక్కు కొనిచ్చింది. వెనక అట్ట మీద కూడా రాస్తున్నాను, ఖాళీ ఎందుకు పోనివ్వాలి. మొన్న అడిగింది, ఆ ఆట ఎట్లుండేదవ్వా అని. బాగలేదన్నాను. మరి ఎన్నిసార్లు ఆడినావంది. దీవి చేరేదాకా అన్నాను.

“పెట్టెలో ఏముండె?”

“ఏముంటాది. తెరిస్తే మళ్ళీ మొదటి రాయి కాడ నిలబెట్టింది. ఆట బాగలేదని మొదటినుంచీ సెప్తానే ఉండా గదా.”