శనివారం స్నానాల నీళ్లు

మా ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రంలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న హిల్కాకు రెండే నమ్మకాలు. మురుగు అబద్ధం చెప్పదు. ఆమెతో పనిచేసే నేను కాచే కాఫీ కన్నా ఆ మురుగే నయం.

ఆ ఏడాది మా కేంద్రానికి గండం వచ్చింది. సరస్సులోకి వదిలే నీళ్లలో నత్రజని సగానికి తగ్గకపోతే, మురుగంతా కొత్త గొట్టంలో పక్క పట్నానికి పోతుంది, ఉద్యోగం ఊడి హిల్కా ఇంటికి పోతుంది. అందుకే ఒక ప్లాస్మా యంత్రాన్ని అరువు తెచ్చుకున్నాం. అది మురుగులోకి చిన్న చిన్న మెరుపులు కొట్టి మొండి పదార్థాన్ని విరగ్గొడుతుంది. ఆ మెత్తటి మేత తిన్న సూక్ష్మజీవులు నత్రజనిని గాలిలోకి వదిలేస్తాయి.

"పళ్లూడిన వాళ్లకి జావ కాచి పెట్టినట్టు," అనేది హిల్కా.

నమూనాలు పట్టే పని నాది. ఆదివారమైతే ఎవరూ అడ్డు రారని ఆ రోజే ఎంచుకున్నాను. నాలుగు వారాలూ నత్రజని సగానికన్నా కిందే! మేనేజరు ఓస్మో కేకు తెచ్చాడు. దాని మీద హిల్కా పేరు తప్పు రాయించాడు, అది వేరే సంగతి.

ఐదో శనివారం హిల్కా తన సావునాలో, అంటే ఆవిరి స్నానాల గదిలో, చెమటలు పట్టించుకుని, బయటికొచ్చి నెత్తిన నీళ్లు గుమ్మరించుకుంటూ ఠక్కున ఆగిపోయిందట. సోమవారం తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"ఆర్వో, శనివారం సావునా చేస్తావా నువ్వు?"

"చెయ్యకపోతే మా ఆవిడ పక్కలోకి రానిస్తుందా?"

"ఊరంతా చేస్తుంది. ఆ నీళ్లన్నీ ఆదివారానికి ఎక్కడికొస్తాయి, మొద్దూ?"

నా చెవులు ఎర్రబడ్డాయి. పుట్టిన దగ్గర్నుంచీ ప్రతి శనివారం స్నానం చేస్తున్నవాణ్ణి. మేం కొలిచింది మెరుపుల మహిమ కాదు, ఊరి స్నానాలతో పలచబడ్డ మురుగు.

సంగతి చెప్పగానే ఓస్మో తలుపు వేశాడు. "ఎవరికి తెలుస్తుంది, హిల్కా? బుధవారం గొట్టం సంగతి తేల్చే ఊరి కౌన్సిల్ సమావేశం అయిపోనీ. నీ ఉద్యోగం కోసమే చెప్తున్నా."

"నేనూ ఉద్యోగం గురించే చెప్తున్నా. నా పని నీళ్లు కడగడం, అంకెలు కడగడం కాదు."

సమావేశం వాయిదా వేయించింది. మూడు వారాలు మామూలు రోజుల్లో సగం మురుగును యంత్రం గుండా, సగాన్ని ఎప్పటిలా పంపి పోల్చాం. యంత్రం వల్ల నత్రజని తగ్గింది, కానీ మూడో వంతే.

కౌన్సిల్ ముందు హిల్కా మొదట సావునా కథే చెప్పింది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

"అయితే స్నానాలు మానెయ్యమంటావా?" అన్నాడొక పెద్దాయన.

"స్నానాలు మానకండి. ఒక్క ఏడాది ఆగండి. ఈ మూడో వంతు తగ్గుదలను సగానికి పెంచి చూపిస్తా."

గొట్టం పని ఏడాది పాటు ఆపారు. ఏడాది తర్వాత ఏమవుతుందో ఆ రోజు ఎవరికీ తెలియదు, హిల్కాకు కూడా.

వెనక వరసలో నేను తల దించుకుని కూర్చున్నాను. కథ మొత్తంలో ఆమె "ఆర్వో" అనలేదు. "మేం పొరబడ్డాం" అంది, అంతే.