కోహీర్ క్రాస్ రోడ్డు దాకా రెండు అట్ట ల్యాప్‌టాప్‌లు

ఆ పన్నెండు రోజులూ నా ఫోన్‌లో రెండు ల్యాప్‌టాప్‌లు తప్ప ఇంకేమీ లేవు. ఒకటి ముదురు ఆకుపచ్చది, ఇంకోటి బూడిద రంగుది. ధర ఒకటే. స్క్రీన్ రెండింటికీ పదమూడు అంగుళాలే. ర్యామ్, బ్యాటరీ, అన్నీ కవలపిల్లల్లా ఉన్నాయి. బరువులో తేడా కోడిగుడ్డంత కూడా లేదు. పొద్దున ఒక వీడియో చూస్తే ఇది, టిఫిన్ తింటూ ఇంకోటి చూస్తే అది. మనసు మాత్రం ఆకుపచ్చదాని మీదే. దాని కీబోర్డు కింద లైటు వెలుగుతుంది.

కొనకుండా కుదరదు. నాది తెలుగు వీడియోలకు సబ్‌టైటిల్స్ రాసే ఉద్యోగం, ఆఫీసు హైదరాబాద్‌లో. నాన్నకి జహీరాబాద్ ట్రాక్టర్ ఫ్యాక్టరీలో పని దొరికి అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చేసినప్పుడు నేను అక్కడే హాస్టల్లో చేరాను. మూడు నెలల్లో నలుగురు రూమ్‌మేట్‌లతో గొడవలయ్యాయి. తప్పు నలుగురిదీ. అందుకే నేనూ ఇక్కడికే వచ్చేశాను. వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్లాలి, పోను రాను బస్సులోనే ఆరు గంటలు. మా మేడమ్ ఖచ్చితంగా చెప్పేసింది: బస్సులో ఫైళ్లు పూర్తిచేసి పంపితే ఆ గంటలు కూడా పనిలోకే వస్తాయి, సోమవారం నుంచి ఒక వారం చూస్తుంది, కుదరకపోతే మళ్లీ హాస్టల్, లేదంటే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడం. కాలేజీలో కొన్న నా పాత ల్యాప్‌టాప్ బస్సు సీట్లో సగమే తెరుచుకునేది. పోస్టు డబ్బాలో చెయ్యి పెట్టి ఉత్తరం రాస్తున్నట్టు టైపు చేసేదాన్ని.

ఆదివారం పొద్దున లేచేసరికి నాన్న కత్తెర పట్టుకుని ఫ్రిజ్ అట్టపెట్టె కోస్తున్నాడు.

"ఆ రెండింటి కొలతలు చెప్పవే."

"ఏం కొలతలు? రెండూ కాంపాక్టే. ఆ పేరుతోనే అమ్ముతున్నారు."

"అమ్మేవాడు అలాగే అంటాడు. మా ఫ్యాక్టరీలో ఇనుము కోసే ముందు అట్ట కోసి చూసుకుంటాం."

"నేనేం ట్రాక్టర్ కొనట్లేదు నాన్నా!"

"నీ కోపం తగలెయ్య, కొలతలు చెప్పు ముందు."

ఫోన్ ఆయన ముందు పడేశాను. మంచం మీదే లెండి. ఆయనే వెతుక్కుని, స్కేలు పెట్టి, నాలుగు ముక్కలు కోసి, టేపుతో రెండేసి అతికించాడు. ఒకదాని మీద 'ఆ', ఇంకోదాని మీద 'బూ' అని స్కెచ్ పెన్నుతో రాశాడు. కీబోర్డు కూడా గీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

వాటిని బస్సు సీట్లోనే పెట్టి చూడాలన్నాడు, అరగంటలో బస్టాండులో ఉన్నాం. హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉంది, కండక్టరమ్మ కింద చాయ్ తాగుతోంది. నేను ఆఫీసుకి వెళ్లే రకం బస్సే. మూడు సీట్ల వైపు కిటికీ దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, కాళ్ల దగ్గర అల్లం మూట. మధ్యలో నేను, చివర నాన్న. 'ఆ' తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఏంది బిడ్డా గిది, పెండ్లి కార్డా?" అంది పెద్దావిడ.

"ల్యాప్‌టాప్" అన్నాను పళ్లు బిగించి.

"అట్టదా?"

"నమూనా అండీ. అసలుది ఇంకా కొనలేదు" అన్నాడు నాన్న, ఎంతో గౌరవంగా.

ముందు సీట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న ఒకతను వెనక్కి తిరిగాడు. "అక్కా, ఛార్జింగ్ ఎంతుంది?"

"నీ నోటికున్నంత లేదు."

చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు. ఆ నవ్వుల్లో బస్సు కదిలిన సంగతి ఎవరికీ తెలియలేదు. కండక్టరమ్మ మా దగ్గరికొచ్చి అట్టల్ని ఒకసారి, మమ్మల్ని ఒకసారి చూసింది.

"సార్, గీ అట్టలు వట్టుకొని యాడికి పోతున్రు?"

"ఎక్కడికీ కాదు, దిగిపోతాం" అన్నాను.

"కోహీర్ క్రాస్ రోడ్డుకి" అన్నాడు నాన్న. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "నిలబెట్టి చూడటం అయింది, ఇప్పుడు నడిపి చూడాలి."

"నడిపేది మా డ్రైవరన్న. మీరు జర గట్టిగ పట్టుకోన్రి. ఆడోళ్లకు ఫ్రీ గద, అమ్మాయికి జీరో టికెట్, మీకు పైసలు."

'ఆ' మూత తెరిచాను. పై అంచు ముందు సీటుకి తగిలింది. చూపుకి సరిపడేలా ఇంకాస్త వంచుదామంటే కింది అట్ట వెనక్కి జరిగి పొట్టలో గుచ్చుకుంది. మోచేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. స్పీడ్ బ్రేకర్ రాగానే మూత ముడుచుకుపోయింది.

"అట్ట కాబట్టి అలా అయింది. అసలుది గట్టిగా ఉంటుంది" అన్నాను.

"గట్టిగుంటె ఇంకింత గుచ్చుతది గద బిడ్డా" అంది పెద్దావిడ. నా మీదుగా చెయ్యి చాపి నాన్న దగ్గరున్న 'బూ' లాక్కుని నా ఒళ్లో పెట్టింది. "గిది సూడు."

తెరిచాను. మూతకీ ముందు సీటుకీ మధ్య వేలు పట్టేంత సందు మిగిలింది. వెనక్కి వంచినా పొట్టకు తగల్లేదు. చేతులు వాటంతటవే అట్ట మీదికి వెళ్లి ఏదో వాక్యం టైపు చేసేశాయి.

"ఆఁ, గిప్పుడు రాస్తున్నవ్. గిందాక పిండి పిసికినట్టు జేస్తివి."

"ఆంటీ పాస్ చేసింది అక్కా, కొనెయ్ ఇగ" అన్నాడు ముందు సీటతను.

కోహీర్ క్రాస్ రోడ్డు దగ్గర దిగి, తిరుగు బస్సు కోసం నిలబడ్డాం. చెరకు లారీలు పోతున్నాయి. ఫోన్ తీసి ఆకుపచ్చదాని వివరాల్లో చిట్టచివరికి వెళ్లాను. కొలతల వరస అక్కడుంది. ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా అంత కిందికి వెళ్లలేదు. నేను చూసిన వీడియోల్లో ఎవరూ బస్సులో కూర్చోలేదు, అందరూ బల్ల ముందు, పక్కన ఒక పూలకుండీతో.

"ఇది వేలు మందం పెద్దదని నీకు ముందే తెలుసా?"

"కోస్తున్నప్పుడే తెలిసింది."

"మరి చెప్పొచ్చుగా!"

"చెబితే వింటావా?"

రెండు అట్టలూ ఆయన చేతిలో పెట్టేసి, బస్సొచ్చే వైపు తిరిగాను.

సాయంత్రం షాపుకి వెళ్లి బూడిదది అడిగాను. "గ్రీన్ల కీబోర్డు లైట్ వస్తది మేడమ్, దీంట్ల రాదు" అన్నాడు షాపాయన. నేను వెళ్లేది పగలే అన్నాను. ఆకుపచ్చదాని మీద ఒకసారి చెయ్యి వేసి చూశాను గానీ, అంతే.

సోమవారం మధ్య సీటే దొరికింది. బస్టాండు దాటకముందే తెరిచాను. సదాశివపేట వచ్చేసరికి ఒక ఫైలు, పటాన్‌చెరు దగ్గర రెండోది పంపేశాను. వెంటనే మేడమ్ మెసేజ్: "ఆఫీసులో కన్నా తొందరగా చేశావే! ఇంకోటి పంపుతున్నా, దిగేలోపు అవుతుందా?"

ఒళ్లు మండింది. ఇంత పొడుగు జవాబు రాశాను. పంపే బటన్ మీద వేలు పెట్టి, మొత్తం చెరిపేసి, "పంపండి మేడమ్" అన్నాను.

వారం ముగిసేదాకా ఆమె ఆగలేదు. బుధవారం తిరుగు ప్రయాణంలోనే చెప్పేసింది, ఇలాగే కొనసాగించమని, హాస్టల్ అక్కర్లేదని. నేను అప్పటికప్పుడు అమ్మకి ఫోన్ చేసి అరిచినంత గట్టిగా చెబుతుంటే కండక్టర్ వచ్చి భుజం తట్టింది.

"జర మెల్లగ మాట్లాడు తల్లీ, డ్రైవరన్న బెదురుతుండు."