నా పేరుకి కలిసిరాని ఇల్లు

ఇల్లు కొనేవాళ్ళకు సలహా చెప్పని మనిషి మా బందరులో లేడు. ఈశాన్యం పెరిగిందా, వీధిపోటు ఉందా, గుమ్మానికి ఎదురుగా కరెంటు స్తంభం ఉందా అని అందరూ అడుగుతారు. ఆ ఇంట్లో వండేదెవరు, నీళ్ళు మోసేదెవరు, ఆవిడ పేరు కాగితాల్లో ఉందా అని అడిగినవాళ్ళను మాత్రం నేనింతవరకు చూడలేదు.

మా ఇల్లు కొన్నది నా పొలం అమ్మి. ఈ మాట నేను ఇరవయ్యేళ్ళుగా అంటూనే ఉన్నాను, మావారు ఇరవయ్యేళ్ళుగా విననట్టే ఉన్నారు. దివిసీమలో మా నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం మాగాణి అది. ఏటా బియ్యం, ఆ తర్వాత మినుములు వచ్చేవి. బస్తాలు దించుతుంటే ఇవి నావి అనుకునేదాన్ని, పైకి అనేదాన్ని కాదు. అయినా అమ్మడానికి ఒప్పుకున్నది నేనే. అద్దె ఇళ్ళల్లో క్యాలెండరు తగిలించడానికి మేకు కొట్టాలన్నా ఇంటివాళ్ళను అడుక్కోవాలి. నాకంటూ ఒక ఇల్లుండాలని, ఎవరినీ అడగకుండా అందులో మేకు కొట్టుకోవాలని నా ఆశ. అంతకంటే పెద్ద ఆశలు నాకెప్పుడూ లేవు.

కార్తీకమాసంలో ఇల్లు చూశాం. ఊరి చివర, తూర్పు గుమ్మం, పెరట్లో నుయ్యి. అమ్మేవాళ్ళు చేదతో తోడి చెంబు చేతికిచ్చారు. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. మావారు రెండు చెంబులు తాగి, కొబ్బరినీళ్ళే అన్నారు. నేను సముద్రం పక్క పల్లెలో పెరిగినదాన్ని. కాలవలు పారినన్నాళ్ళు ఏ నుయ్యైనా తియ్యగానే ఉంటుంది, ఎండల్లో కాలవలు కట్టేశాక గానీ దాని అసలు రుచి తెలియదు. ఇది దివిసీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఎండాకాలం ఒక్కసారి వచ్చి తాగి చూసి కొందామండీ" అన్నాను, ఇంటికి వస్తూ ఆటోలో.

"ఎండాకాలమా? వారం దాటితే మూఢం. మూఢంలో ఎవరన్నా ఇల్లు కొంటారా? అప్పటిదాకా వాళ్ళు మనకోసం కూర్చుంటారా?" అన్నారు మావారు.

గురువో శుక్రుడో ఆకాశంలో కనపడని ఆ రోజుల్లో మావైపు ఎవరూ శుభకార్యం తలపెట్టరు. గ్రహాలు కనపడలేదని కంగారుపడిన మనిషికి ఎదురుగా ఉన్న నేను కనపడలేదు. మర్నాడే బయానా ఇచ్చి వచ్చారు.

రిజిస్ట్రేషను ముందు సిద్ధాంతిగారు వచ్చారు. పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి ఎవరికి ఏ ముఖం ఇల్లు కలిసొస్తుందో చూస్తారు కదా, ఆ లెక్క చూశారు. "అయ్యగారి పేరుకి దివ్యంగా ఉందండీ. అమ్మగారి పేరుకే శత్రువర్గం అవుతోంది" అన్నారు, నేనిచ్చిన కాఫీ తాగుతూ. నా ఎకరం అమ్మేటప్పుడు నా పేరు ఏ వర్గమో ఎవరూ చూడలేదు. ఆ రోజు నా సంతకం లేకపోతే పని జరగదు కాబట్టి కుర్చీ వేసి కూర్చోబెట్టారు, కూల్‌డ్రింకు తెప్పించారు. ఇంటి రిజిస్ట్రేషను నాడు నేను వంటింట్లో అందరికీ పులిహోర కలుపుతున్నాను.

చైత్రం వెళ్ళింది, కాలవలు కట్టేశారు. పది రోజులు తిరక్కుండానే నూతినీళ్ళు చప్పబడ్డాయి, ఆ తర్వాత ఉప్పు తేలాయి. సబ్బు నురగ రాదు. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది. అన్నం గిన్నెకు లోపల తెల్లటి చార కట్టింది.

పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఎండల్లో చూడకుండా ఎట్టా కొన్నారు వదినగారూ?" అంది.

"మూఢాన్ని అడుగు" అన్నాను. నామీద నవ్వినా బాగుండేది. ఆవిడ జాలిపడింది, దానికే నాకు ఒళ్ళు మండింది.

అప్పట్నించి ప్రతి ఎండాకాలం వీధి చివర మున్సిపల్ కుళాయి దగ్గర బిందెల వరసలో నేనూ, నా వెనక చిన్న బిందెతో మా అమ్మాయీ. మావారు బోరు వేయించారు, అదీ ఉప్పే. "అలవాటు పడితే అదే సర్దుకుంటుంది" అనేవారు, క్యాను నీళ్ళు తాగుతూ. నీళ్ళు సర్దుకోలేదు, నేనే సర్దుకున్నాను. ఈ ఇల్లు అమ్మేసి నీళ్ళున్న చోటికి పోదామని ఎన్నిసార్లు అన్నానో. ప్రతిసారీ ఒకటే జవాబు, కలిసొచ్చిన ఇంటిని అమ్ముకుంటారా అని. ఆయనకు ప్రమోషను వచ్చింది ఆ ఇంట్లోనే మరి.

గోరుచుట్టు మీద రోకటిపోటని, ఒక వేసవిలో మా మరిది కుటుంబంతో సహా దిగాడు. ముందుగది వాళ్ళకిచ్చినట్టు నాకు మంచాలు దిగాక తెలిసింది. "ఒక్క మాట నాతో అనాలి కదండీ, మోసే నీళ్ళు మనకే చాలట్లేదు" అన్నాను.

"నా ఇంట్లో నా తమ్ముడుంటే నీకేంటి నొప్పి?" అన్నారు, వాళ్ళందరి ముందు. మా అమ్మాయి గుమ్మంలో బిందె పట్టుకుని నిలబడి ఉంది. నేను లోపలికి పోయి పప్పు కింద మంట పెంచాను. ఆ మాటకు ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు. అసలు గుర్తుందని కూడా అనుకోను.

ఇప్పుడు మా అమ్మాయి గుడ్లవల్లేరులో లెక్చరరు. నిరుడు గుడివాడలో ఇల్లు కొనాలనుకుంటే నేను రెండే రెండు ముక్కలు చెప్పాను. ఎండల్లో నీళ్ళు చూడు, కాగితాల్లో నీ పేరుండేలా చూడు. ఈశాన్యం సంగతి చెప్పడానికి ఊళ్ళో చాలామంది ఉన్నారు.

మొదటి ముక్క అది బుద్ధిగా విన్నది. మే నెలలో పోయి చూసింది. ఆ ఇంటి బోరు నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి పప్పు ఉడికించి మరీ చూసుకుంది. వానాకాలం వీధిలో ఎక్కడిదాకా నీళ్ళు నిలుస్తాయో ఇరుగుపొరుగుని వాకబు చేసింది. ఫోనులో ఇవన్నీ చెబుతుంటే నా కడుపు నిండిపోయింది. నేను మోసిన బిందెలు ఊరికే పోలేదనుకున్నాను.

మొన్న గృహప్రవేశానికి పిలవడానికి ఫోను చేసింది. "కాగితాలయ్యాయా? ఎవరి పేరు మీద?" అన్నాను.

"ఆయన పేరుమీదే అమ్మా. మా అత్తగారు సిద్ధాంతిగారిని అడిగితే, నా పేరుకి కుదరదన్నారంట."

"నీ జీతం కుదిరిందా?"

"అబ్బా, మళ్ళీ మొదలెట్టావా? ఎవరి పేరైతే ఏంటి, ఉండేది మేమిద్దరమేగా. నీ పేరు లేని ఇంట్లో నువ్వు ఇన్నేళ్ళు ఉన్లా? నీకేమైంది?"

ఏమైందో చెబుదామని నోరు తెరిచాను. ఏమైందో ఆ ఇంట్లో నాతోపాటు అంతా చూసిన మనిషి అదొక్కతే.