ప్రభువు బల్ల ఆదివారం

రోడ్డు కాంట్రాక్టరైన మా బావకు చర్చిలో కూడా కుదురుండేది కాదు. ప్రసంగం సాగుతుంటే మడమతో నేలను నొక్కి చూసేవాడు, వేళ్లకంటిన తారును గోటితో గీరేవాడు, బయట లారీ చప్పుడైతే తల తిప్పేవాడు. "దేవుడు ముందుంటే వెనక్కేం చూస్తారు?" అని అక్క గిల్లేది. ఇద్దరూ లేని ఈ రోజుల్లో నాకు ఒక ప్రభువు బల్ల ఆదివారం గుర్తొస్తుంది. మనసులో పాపం దాచుకున్నవారు తాగకూడదు, ఎవరిని వారు పరీక్షించుకోమని పాస్టరుగారు చెప్పాక ద్రాక్షారసం పాత్ర మా వరుసలోకి వచ్చింది. బావ దాన్ని పెదవికి తాకించకుండానే అక్క చేతికిచ్చి బయటికి నడిచాడు. చర్చి అంతా గుసగుసలు మొదలయ్యాయి. అక్క ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

మేం వెతుక్కుంటూ వెళ్లేసరికి బావ తెల్లచొక్కాతోనే, ముందురోజు తాను వేయించిన రోడ్డును మలుపు దగ్గర గునపంతో పెకలిస్తున్నాడు.

"ఎవరావిడ? చెప్పండి," అంది అక్క.

"ఆవిడేంటి? చీకటి పడుతోందని వాన తడి ఆరని కంకర మీదే తారు పోయించేశాను. వారం తిరక్కుండా లేచిపోతుంది. ఎవరి బండో జారితే?"

"ఓరి దేవుడా! ఇంకో సంసారం ఉందేమోనని చచ్చాను కదయ్యా!"

అక్క నవ్వబోయి ఏడ్చేసింది. బావ వినడం లేదు. పెళ్లల కింద తడి ఎంత దూరం పాకిందో వేలితో తడుముతున్నాడు.

"గజం మేర అనుకున్నాను. మలుపంతా ఉందే," అన్నాడు.

అక్క కళ్లు తుడుచుకుని, కొంగు దోపుకుని, పెళ్లలు ఎత్తడానికి వంగింది.