అత్త అడిగిన పుస్తకాలు

మా గురజాలలో పుట్టిన నవలా రచయిత్రి ఒకామెను మేమందరం అత్తా అనే పిలిచేవాళ్ళం. పెళ్ళయి మద్రాసు వెళ్ళినా ప్రతి వేసవికీ పుట్టింటికి వచ్చేది. ఎవరి నోటైనా ఒక మంచి మాట వస్తే చాలు, చెయ్యి పట్టుకుని "మళ్ళీ అను" అనేది. మా మాటలన్నీ అలాగే వారపత్రికల్లోకి ఎక్కాయి.

ఎనభైల్లో అత్త రాసిన ఒక సీరియల్లో, రాతి క్వారీ యజమాని ఒకడు భార్యను కొట్టి చంపి, బావిలో పడిందని చెబుతాడు. అది ఎవరింటి కథో ఊరందరికీ తెలుసు. ఆ ఇంటాయనే మా లైబ్రరీ కమిటీ ప్రెసిడెంటు.

"ఆమె పుస్తకం ఒక్కటి బయటికిచ్చినా నీ ఉద్యోగం ఉండదు," అన్నాడు నాతో. నేను అక్కడ లైబ్రేరియన్ని. అత్త పుస్తకాలన్నీ అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆ వేసవిలో అత్త వచ్చినప్పుడు ఊళ్ళో ఎవరూ పలకరించలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"నా పుస్తకాలేయి అమ్మాయ్?"

"ఎవరో తీసకపోయారత్తా."

"అన్నీనా?"

"అన్నీ."

నా వెనక బీరువా అద్దంలోంచి ఆమె పేరు కనపడుతూనే ఉంది. అత్త అటు చూసింది, తర్వాత నన్ను చూసింది.

"పోనీలే. చానామంది చదువుతున్నారన్నమాట," అని మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

కొన్నేళ్ళకు ఆమె పోయిందని తెలిసింది. సంతాపసభ లైబ్రరీలోనే పెట్టారు. ప్రెసిడెంటే ఆమె ఫోటోకు దండ వేసి, "మన ఊరి ఆడబిడ్డ. నిజం రాయడానికి ఎవురికీ భయపళ్ళా," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న నేనూ కొట్టాను.