కుళ్ళాయమ్మ కొత్తది కొనమంది

కుళ్ళాయమ్మ నోట "పారేద్దాం" అన్న మాట ధర్మవరంలో ఇంతవరకు ఎవరూ వినలేదు. తెగిన చెప్పుకు తీగ చుట్టి మరో ఏడాది తొడుక్కునే మనిషి. పిడి ఊడిన గిన్నెను చూపిస్తే, పట్టుకారు ఉంది కదా అంటుంది. ఇరవై ఏళ్ళ నాటి మిక్సీని మూడుసార్లు బాగుచేయించి ఇంకా వాడుతోంది. అలాంటి మనిషి సోమవారం పొద్దున, కొడుకు శివకృష్ణ మగ్గం గుంతలోకి దిగబోతుంటే, వంటింటి గడపలో నిలబడి ఒక మాట అన్నది.

"ఆ ఓవెను ఇంక పనికిరాదు గానీ, దాన్ని తూకానికేసి కొత్తది తెండి."

శివకృష్ణ దించబోయిన కాలు దించకుండా ఆగిపోయాడు. "ఏమ్మా, ఒళ్ళు బాగానే ఉండాదా నీకు?"

"నాకేమైంది? పదకొండేండ్లాయె దానికి. ఇంకెన్ని దినాలు పనిచేస్తాది?"

ఆ ఓవెన్ తెచ్చింది ఆమె భర్త రామాంజినేయులు. ఆయన మగ్గంలో కూర్చుంటే ఆకలి గుర్తుండేది కాదు, లేచి వచ్చేసరికి పప్పు చల్లారిపోయి ఉండేది. చల్లటి పప్పు తిని తిని విసుగెత్తి, ఒక పెళ్ళిచీర నేసిన కూలి చేతికి రాగానే నేరుగా అంగడికి పోయి, పెట్టెను భుజాన పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. రోజూ దాన్ని తుడిచి, మీద ఆయన కండువా మడతపెట్టి కప్పేది కుళ్ళాయమ్మే. ఇందులో స్టీలు గిన్నెలు పెట్టకూడదని వచ్చిన చుట్టాలందరికీ పాఠం చెప్పేదీ ఆమే. ఇప్పుడు దాన్నే తూకానికి వేయమంటోంది.

కోడలు అశ్విని పొయ్యి దగ్గర నిలబడి ఇదంతా విన్నది. ముఖం పాలిపోయింది.

అసలు సంగతి కుళ్ళాయమ్మ ఒక్కదానికే తెలుసు. నాలుగు రోజుల ముందు ఊరికి ముసురు పట్టింది. రేకుల సందులోంచి కారిన నీళ్ళు మగ్గం పక్కనున్న బుట్టలో పడి, అందులోని కండెలన్నీ తడిశాయి. కండె అంటే, నేసేటప్పుడు పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే, దారం చుట్టిన పుల్ల. తడిదారంతో నేస్తే చీర మీద మరక పడుతుంది. ఎండ జాడ లేదు, మర్నాటికల్లా చీర మగ్గం దిగాలి. మంచులాంటి అన్నాన్ని నిమిషంలో పొగలు కక్కించే పెట్టెకు ఈ కాస్త తడి ఒక లెక్కా అనుకున్నది కుళ్ళాయమ్మ. ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి, గుప్పెడు కండెలు లోపల పెట్టి మీట తిప్పింది. అందులో రెండు జరీ కండెలు.

నలభై ఏళ్ళు జరీ చుట్టిన చేతులు ఆమెవి. ఆ చేతులకు జరీ అంటే దారమే. రాట్నం మీద తిరుగుతుంది, నాడెలో కూర్చుంటుంది, తెగితే ముడి పడుతుంది. ఇనుము, స్టీలు, ఇత్తడి అంటే గిన్నెలూ గరిటెలూ. అవి పెట్టకూడదని ఆమెకు బాగా తెలుసు. ఆమె పెట్టింది దారం కదా! మీట తిప్పిందో లేదో లోపల పటపటమని నిప్పురవ్వలు లేచాయి, కాలిన వాసన గుప్పుమంది. ఓవెన్ ఆపేసి, నల్లబడిన కండెలను చెంగులో మూటగట్టి వీధి చివరి కాలవలో పారేసి వచ్చింది. కండువా ఎప్పటిలాగే కప్పి, ఏమీ ఎరగనట్టు చాటలో బియ్యం పోసుకుని కూర్చుంది.

సాయంత్రం అశ్విని పాలు వేడిచేద్దామని గ్లాసు లోపల పెట్టింది. తొందరలో గ్లాసులోని చెంచా తీయడం మరిచిపోయింది. మళ్ళీ అవే రవ్వలు, అదే వాసన. అశ్విని పరుగున వచ్చి, "అత్తా, చెంచా తీయకుండా పెట్టేస్తి. మామ తెచ్చిన వస్తువు నా చేతిలో కాలిపాయ" అన్నది.

అప్పుడే చెప్పేసి ఉంటే ఒక్క నిమిషంలో పోయేది. కుళ్ళాయమ్మ నోరు తెరిచింది కూడా. ఈలోగా శివకృష్ణ అందుకున్నాడు. "మా యమ్మ దినామూ చెప్తానే ఉండాది కదా! నీ తలకాయ యాడ పెట్టుకోనుండావు?" అని భార్యను కసిరాడు. తెరిచిన నోరు మూతపడింది. ఆ పూట చెప్పలేని మాట మర్నాటికి రెండింతలు బరువైంది, నాలుగో రోజుకు మోయలేనంత అయింది. మెకానిక్ వస్తే పెట్టె విప్పుతాడు, విప్పితే సంగతి బయటపడుతుంది. కాలింది బయటపడినా ఫర్వాలేదు. కోడలి మీద నింద పడుతుంటే కుక్కిన పేనులా కూర్చున్న అత్త అని తేలిపోతుంది, అదీ ఆమె భయం. అందుకే కొత్తది కొనమన్నది.

అశ్వినికి మాత్రం ఇది వేరేలా అర్థమైంది. శివకృష్ణ మగ్గంలోకి దిగాక అత్త ఎదుటికి వచ్చి నిలబడింది. "మీరు పారేయమన్నా నేను పారేయనత్తా. మా హిందూపురంలో ఉమేషన్న అని ఉండాడు. ఎంత పాతదైనా బాగుచేస్తాడు. నేను తీసకపోతా."

కాపురానికి వచ్చిన ఐదేళ్ళలో అత్త మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు. కుళ్ళాయమ్మ తడబడింది. "పాతదానికి పార్టులు దొరకవు లేవే."

"దొరక్కపోతే అప్పుడు చూద్దాం."

"అయితే నేనూ వస్తా, ఒక్కదానివే ఏం మోస్తావు" అన్నది కుళ్ళాయమ్మ. సాయానికి కాదు. అశ్విని కన్నా ముందు మెకానిక్ చెవిలో ఒక మాట వేద్దామని.

ఓవెన్‌ను దుప్పటిలో మూటగట్టి రైలెక్కారు. అశ్విని దాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. పెనుకొండలో పక్క సీటు ఖాళీ అయింది. "ఈడ పెట్టు, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి" అన్నది కుళ్ళాయమ్మ. "వద్దత్తా, పడితే ఎట్ల?" అని ఇంకా గట్టిగా పట్టుకుంది అశ్విని. నాలుగు రోజుల్లోనే పిల్ల బుగ్గలు లోపలికి పోయాయని కుళ్ళాయమ్మ అప్పుడే గమనించింది. తలతిప్పి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చూసింది మాత్రం ఏమీ లేదు.

ఉమేష్ అంగట్లో ఆమె ఎత్తు పారలేదు. "పోయి మీ అమ్మతో ఫోన్లో మాట్లాడుకోపో" అని ఎంత పంపించబోయినా అశ్విని పెట్టె పక్కనుంచి కదల్లేదు. ఉమేష్ తలుపు తెరిచి లోపల లైటు వేసి చూశాడు. పక్కగోడకు అట్టముక్కలాంటి పలుచటి అభ్రకం రేకు ఒకటి ఉంది. దాని మధ్యలో రూపాయి బిళ్ళంత మేర కాలి నల్లటి బొక్క పడింది.

"ఏం పెడితిరమ్మా లోపల?"

"చెంచా అన్నా" అన్నది అశ్విని.

"ఒక్క చెంచాకు ఇంత కాలదే. బాగా జ్ఞాపకం చేసుకో."

"చెంచానే అన్నా, నేనే పెట్టినా. తప్పు నాదే, ఎట్లన్నా చేసి బాగుచెయ్యి."

కుళ్ళాయమ్మకు ఇక వల్ల కాలేదు. పరువు పోతే పోనీ అనుకున్నది. "ఆమె కాదప్పా. నేను. జరీ కండెలు పెట్టినా."

"జరీనా? అది లోహం కదమ్మా!"

"నాకేం తెలుసప్పా, మా ఇంట్లో అది దారమే" అన్నది కుళ్ళాయమ్మ.

ఉమేష్ పకపకా నవ్వాడు. అశ్విని నవ్వలేదు. పక్కనున్న పాత టీవీ డబ్బా మీద కూలబడి, "అంటే, నేను కాదా?" అన్నది. కోపం వస్తుందని కాచుకుని ఉన్న కుళ్ళాయమ్మకు ఆ ముఖంలో కోపమనేదే కనపడలేదు. "మామ వస్తువు పాడుచేసినానని మీరు నా ముఖం కూడా చూడల్యాదనుకుంటి అత్తా. దాన్ని పారేయమంటే, కంటి ముందర నేను కూడా వద్దేమో అనుకుంటి."

"అయ్యో నా తల్లీ, నీ ముఖం చూసే ధైర్యం నాకు ల్యాకపాయ" అని కుళ్ళాయమ్మ కోడలి తల దగ్గరికి తీసుకుంది. మెకానిక్ ముందు ఏడవకూడదని గట్టిగా అనుకుంది గానీ, ఏడ్చేసింది. ఏడుస్తుంటే ఎంత తేలికయిందో చెప్పలేం.

ఉమేష్ ఈలోగా కొత్త రేకును కత్తెరతో కొలతకు కత్తిరించి అమర్చాడు. గ్లాసుడు నీళ్ళు పెట్టి తిప్పాడు. రవ్వల్లేవు, వాసన లేదు, నిమిషంలో నీళ్ళు పొగలు కక్కాయి. "మిషనుకేమీ కాలేదమ్మా. దీన్ని పారేసి కొత్తది కొంటారా? దుడ్లు ఎక్కువైనాయా ఏమి!" అన్నాడు.

కుళ్ళాయమ్మ కళ్ళు తుడుచుకుని అక్కడినుంచే కొడుక్కు ఫోన్ చేసింది. "రేయ్, ఓవెను కాల్చింది నేను. నీ జరీ కండెలు పెట్టి కాల్చినా. ఊరికే నీ పెండ్లాన్ని తిడితివి. ఫోను ఆమెకిస్తాండా, ఏం చెప్పాల్నో చెప్పు" అని అశ్విని చేతికిచ్చింది. అవతల వాడేం చెప్పాడో గానీ, అశ్విని చాలాసేపు విని, "సరేలే" అని ముసిముసిగా నవ్వింది.

ఫోన్ పెట్టేసి, "అత్తా, ఆకలైతాంది" అన్నది.

నాలుగు రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ వినని మాట అది. కుళ్ళాయమ్మ చప్పున లేచింది. అశ్విని అలవాటుగా ఓవెన్ మీదికి చేతులు చాచబోతే, చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది ఈడనే ఉండనీ. ఎవరన్నా ఎత్తుకపోతే పోనీలే. ముందు నువ్వు తిందువు పా."