వెనిజులా వెళ్లొచ్చిన మావయ్యగారు

మొన్న మంగళవారం పొద్దున్న తాటిపాక నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య లేరమ్మా. కాఫీ కలిపి తెచ్చేసరికి కుర్చీలోనే ఒరిగిపోయేరు" అంది.

ఆయన మా అమ్మ తమ్ముడు. మావైపు అందరూ కువైట్‌కో దుబాయ్‌కో వెళ్తే, ఆయన మాత్రం చమురు బావుల మీద వెల్డరుగా వెనిజులా వెళ్లేరు. చాలా ఏళ్లు ఉండి, అక్కడ పనులు ఆగిపోయాక తిరిగొచ్చేరు.

పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఎవరేం చెప్పినా "ఆయ్" అని వినేవారు. పళ్లెంలో మెతుకు వదిలేవారు కాదు. ఒక్క విషయంలోనే గొంతు పెరిగేది. ఓసారి టీ కొట్టు దగ్గర ఒకాయన, "అంత చమురుండి జనం దేశం వదిలిపోయేరంటే బద్ధకమేనండీ" అన్నాడు. మావయ్య గ్లాసు కింద పెట్టేసేరు.

"బద్ధకం కాదండీ. చమురు అమ్మి తిండి కొనుక్కునే దేశమండీ అది. పొలాలు ఎప్పుడో పాడుపెట్టేసేరు. చమురు ధర పడిపోయింది. సర్కారేమో నోట్లు అచ్చేసుకుంటూ పోయింది. పొద్దున్న చెప్పిన రేటు సాయంత్రానికి ఉండేది కాదు. ఇదేంటని అడిగినవాడి ఉద్యోగం ఊడేది. ఆపైన బయటి దేశాల ఆంక్షలు. మనిషి ఏం చేస్తాడండీ?"

ఆయన అద్దెకున్న ఇంటి పెద్దావిడ సంగతి నాకు చాలాసార్లు చెప్పేరు. ఆవిడ కొడుకు ఇంజనీరు. సమ్మెలో నిలబడినందుకు ఉద్యోగం తీసేసేరు, మళ్లీ ఎవరూ పని ఇవ్వలేదు. కూతురు నర్సు. ఆమె నెల జీతం ఒక అట్ట కోడిగుడ్లకి కూడా చాలేది కాదు. చివరికి పెద్దావిడకి షుగరు మందే దొరక్కపోతే, అందరూ కొలంబియా బయల్దేరేరు. సామాను మొయ్యడానికి మావయ్య తోడెళ్లేరు. సరిహద్దు వంతెన మీద బళ్లు ఆపేసేరు. ఎండలో జనం బారులు తీరి నడుస్తున్నారు. ఆవిడ కాళ్లు వాచిపోయి అడుగెయ్యలేకపోయింది. మావయ్య వీపున ఎక్కించుకున్నారు.

"మధ్యలో దింపమందమ్మా. వెనక్కి తిరిగి నిలబడింది. ఏడవలేదు. 'నేను వెళ్లట్లేదు, నన్ను వెళ్లగొట్టేరు' అంది. మళ్లీ ఎత్తుకున్నాను. మనిషిలో బరువే లేదమ్మా" అనేవారు. అవతల మందు దొరికి, ఆవిడ ఇంకొన్నేళ్లు బతికిందట.

ఊరొదిలినవాళ్ల గురించి నేను తేలిగ్గా మాట్లాడనంటే అది ఆయన పెట్టిన భిక్షే.

కిందటి నెల ఇద్దరం రాజోలు బస్టాండులో ఉన్నాం. ఇంటిపనికి మస్కట్ వెళ్తున్న ఒకమ్మాయి బస్సెక్కి కూర్చుంది. కింద వాళ్లమ్మ చంకలో ఈ అమ్మాయి పాప. ఎంత ఎత్తినా కిటికీకి అందట్లేదు. వాళ్లెవరో మావయ్యకి తెలీదు. "ఇలా ఇవ్వండమ్మా" అని పాపని తీసుకుని పైకెత్తి పట్టుకున్నారు. ఆ అమ్మాయి చెయ్యి చాపి బిడ్డ బుగ్గ తడిమింది. బస్సు కదిలింది. మావయ్య మోకాళ్ల నొప్పులతోనే పక్కన నడిచేరు. బస్సు మలుపు తిరిగిపోయింది. ఆయన మాత్రం పాపని అలాగే పైకెత్తి పట్టుకుని, ఆ దుమ్ములో నిలబడిపోయేరు.